మంచె మీద శనివారం

నవంబరు 22, శనివారం

నాలుగున్నరకే లేచాను. తుపాకీ సీజన్ మొదటిరోజు తనతో రమ్మని పక్కింటి పెద్దాయన వారం ముందే చెప్పిపెట్టాడు. ఇక్కడ అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. నిన్న ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. ఆయన ఇచ్చిన నారింజ రంగు కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటే హనుమాన్ దీక్షలో ఉన్నవాడిలా ఉన్నాను. పొదల్లో కదిలేది మనిషేనని ఇంకో వేటగాడికి తెలియాలి కదా. జింక కంటికి మాత్రం ఆ రంగు అంతగా ఆనదట.

మౌంట్ హోరెబ్ అనే ఊరు దాటాక ఆయన తమ్ముడి పొలం. గట్టు మీది ఓక్ చెట్టుకు ఆనించి ఇనుప మంచె. ఇంగ్లీషులో దీనికి వేరే పేరుంది గానీ నా నోటికి వచ్చింది మంచె అనే. వనపర్తి దగ్గర మా చేలో నాన్న కర్రలతో కట్టుకున్నదీ ఇలాంటిదే.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు. అప్పటిదాకా ఆయన తుపాకీ వంక చూడకుండా గడియారం వంకే చూశాడు. తర్వాత రెండు గంటలు ఏమీ లేదు. మాట్లాడొద్దు, దగ్గొద్దు. నా కాలివేళ్లు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. కోసేసిన మొక్కజొన్న మోళ్లలోకి చిన్న కొమ్ముల పోతుజింక ఒకటి వచ్చింది. వదిలేశాడు. కాసేపటికి వచ్చిన ఆడజింకను ఒక్క గుండుతో పడగొట్టాడు.

ఆడదాన్ని చంపడమేమిటని నాకు ప్రాణం ఉసూరుమంది. పేగులు తీస్తూ ఆయనే చెప్పాడు. పోతును కొడితే మంద తగ్గదు, మిగిలిన పోతులు చాలు. ఎదిగిన ఆడజింక ఏటా ఇద్దరేసి పిల్లల్ని పెడుతుంది. పైగా ఇక్కడ తోడేళ్లు లేనట్టే. అందుకే లైసెన్సుతో పాటు ఆడజింకకు విడిగా చీటీ ఇస్తారు. తూటాల మీద 11 శాతం పన్ను ఉందట, 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణులకే పోతుందట. "వీటిని పెంచింది మేమే" అన్నాడు కొంచెం గొప్పగా. పెంచి చంపడమేమిటని అడగబోయి, మా ఇంటి నాటుకోళ్లు గుర్తొచ్చి ఊరుకున్నాను.

జింకను ఫోన్లో నమోదు చేశాడు. అంతటితో పని అయిపోయిందనుకున్నా గానీ అసలు పని అప్పుడే మొదలైంది. తలను మెడతో సహా కోసి, సంచిలో కట్టి, చీటీ రాసి, రోడ్డు పక్కన పెట్టిన డబ్బాలో వేసి వచ్చాం. జింకల మెదడును తొలిచేసే రోగమొకటి 2002లో ఈ చుట్టుపక్కలే బయటపడింది. దానికి మందు లేదు. మనుషులకు సోకినట్టు రుజువు లేకపోయినా, రోగమున్న జింక మాంసం తినొద్దంటారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లోనే. నాకూ రెండు పొట్లాలు ఇస్తానన్నాడు. కార్తీకం మొన్ననే ముగిసింది గానీ ఇవ్వాళ శనివారం, ఎలాగూ ముట్టను. తర్వాత సంగతి ఆ డబ్బాలో తలకాయ చెప్పాలి.

రాత్రి ఏడున్నరకు నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఏడు.

"జింకకు గూడ పరీక్షలా?" అని చాలాసేపు నవ్వాడు. తర్వాత అడిగాడు, "ఎవలేం అనరా, సంపితే?"

లైసెన్సుందని, లెక్కుందని చెప్పాను. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను ఒప్పుకోదు. చేను పాడుచేసే పందిని కాల్చాలన్నా అనుమతి కావాలి. ఆ సంగతి ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

"రాత్రి మళ్ల పడ్డయి రా. పల్లి ఇత్తనాలు తవ్వుకపోయినయి. మీ అమ్మ చీరెలు కట్టిన దిక్కుకెళ్లే వచ్చినయి."

"మంచె మీద ఎవరు పడుకున్నరు నాన్నా?"

"నేనే. జర కన్నంటింది."