బొగ్గు వ్యాగన్ కిట్: ముందు చక్రాలు, ఆ తర్వాతే రంగు

బ్రిటిష్ రైల్వేస్ 16 టన్నుల బొగ్గు వ్యాగన్‌కి చిన్న ప్లాస్టిక్ మోడల్ చేసుకునే కిట్ కొన్నవాళ్లందరూ నన్ను అడిగేది తుప్పు ఎలా వేయాలనే. తుప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టా మీద ఆనుతున్నాయా? ఒక్కటి గాల్లో ఉన్నా పట్టాలు చీలే మొదటి పాయింట్ దగ్గరే బండి పట్టా దిగిపోతుంది, ఎంత అందంగా రంగేసినా సరే.

మన రైల్వేల బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ 58 టన్నులు మోస్తుంది, దాని పక్కన ఇది బుడ్డది. ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు, అంటే అసలు అడుగుని 4 మిల్లీమీటర్లుగా చూపే ఓఓ స్కేల్లో 36 మిల్లీమీటర్లు. అందుకే కాస్త వంకర ఉన్నా బయటపడుతుంది. నేనైతే ఒక పక్క సోల్‌బార్‌ని, అంటే ఫ్లోర్ కింద పొడుగునా ఉండే దూలాన్ని, ఫ్లోర్‌కి మూలమట్టం పెట్టి అతికించి, పూర్తిగా ఆరనిస్తాను. ఇత్తడి బేరింగులు గుంటల్లో కూర్చోబెట్టి, చక్రాలు పెట్టి, అప్పుడు రెండో పక్క. ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే సాల్వెంట్‌ని కుంచెతో చుక్క చుక్కే తాకించాలి, అతుకులోకి అదే పాకుతుంది. ఆ అతుకు మెత్తగా ఉండగానే బండిని అద్దం పలక మీద నిలబెట్టి ఒక్కో మూలా వేలితో నొక్కి చూడండి, టకటకమంటే అప్పుడే సరిచేయాలి, తెల్లారాక ఏమీ చేయలేం.

ఇక బరువు. కిట్ బండి దూదిలా ఉంటుంది, మొత్తం 50 గ్రాములు ఉంటే బాగా నడుస్తుంది. పైన తెరిచి ఉండే వ్యాగన్ కాబట్టి ఫ్లోర్ కింద, సోల్‌బార్ల మధ్య సీసం దాచుకోవాలి. సీసపు గుళ్లకి మాత్రం తెల్ల జిగురు వాడకండి, కొన్నేళ్లకి ఉబ్బి ప్లాస్టిక్‌ని చీల్చేస్తుంది.

బ్రేక్ లివర్ ఏ వైపు నుంచి చూసినా కుడిచేతి పక్కనే ఉండాలి. రెండు వైపులా లివర్లని అడ్డంగా ఒకే షాఫ్ట్ కలిపే మోర్టన్ రకంలో, ఒక వైపు లివర్ నొక్కితే షాఫ్ట్ తిరగాల్సిన దిక్కుకి ఎదురు తిరుగుతుంది, అందుకని అక్కడ ఒక క్లచ్ ఉంటుంది. కిట్‌లో అది మినప గింజంత ముక్క. చాలామంది పారేస్తారు, నాకు మాత్రం ముందు కళ్లు పోయేది దాని మీదికే. పక్కల మీద వాలుగా ఉండే తెల్ల గీత కూడా ఉత్త అలంకారం కాదు, బండి కొస గోడకుండే తలుపు ఏ కొసనుందో ఆ వైపుకే పైకి పోతుంది.

మార్పులు చేయాలనుకుంటే ఈ వ్యాగన్‌ని మించింది లేదు. 2 లక్షలకు పైగా కట్టారు, తడి బొగ్గు మోసి మోసి రేకుల్ని తుప్పు తినేస్తే అతుకులు వేశారు, తర్వాత కొన్నిటికి బాడీ మొత్తం మార్చేసి, పక్క తలుపుల పైనుండే చిన్న ఫ్లాపులు తీసేశారు. ఆ ఫ్లాపుల గీతల్ని ఎమ్రీ పేపర్‌తో అరగదీసి, పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు ముక్క ఒకటి కింది మూలన అంటిస్తే చాలు, వరసలో రెండు బళ్లు ఒకేలా కనబడవు. లోపల ముందు తుప్పు రంగు, దాని మీద హెయిర్ స్ప్రే, ఆపైన బూడిద రంగు అక్రిలిక్ వేసి, తడి కుంచెతో గీకితే పెచ్చులు వాటంతటవే లేస్తాయి.

బొగ్గుకి నల్ల స్పాంజి వద్దు, అసలు బొగ్గే దంచి జల్లెడ పట్టండి. నా బళ్లలో ఉన్నది సింగరేణి బొగ్గు. వేల్స్ బొగ్గు కాదని కనిపెట్టినవాళ్లుంటే చెప్పండి, మార్చేస్తాను.