మీటింగ్ అయ్యాక, ఆ మబ్బు అంచు గురించి

ఈ రోజు పొద్దున మీటింగ్‌లో మా ప్రాజెక్టు ఆపేస్తున్నామని చెప్పారు. ఎవరి ఉద్యోగమూ పోవడం లేదు, అందరినీ వేరే టీముల్లో సర్దుతారట, అంతవరకు నయమే. కానీ ఆ కబురు చెప్పి, మేం ఊపిరి పీల్చుకునేలోపే మా మేనేజర్ "ఎవ్రీ క్లౌడ్ హాజ్ ఎ సిల్వర్ లైనింగ్" (ప్రతి మబ్బుకీ ఒక వెండి అంచు ఉంటుంది, అంటే ఏ కష్టంలోనైనా కాస్త మంచి ఉంటుంది) అనేసి తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయారు. ఆయన మంచి మనిషి, మా మొహాలు చూడలేక అన్నారు, అది నాకు తెలుసు. అయినా ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. నా పక్కన మా టీములో అందరికంటే చిన్నమ్మాయి కూర్చుంది, ఈ వారం చేయాల్సిన పనుల జాబితా ముందు పెట్టుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూనే ఉంది, ఒక్క ముక్క మాట్లాడలేదు.

నాకు ఆ సామెతంటే చాలా ఇష్టం, అందుకే మనసు చివుక్కుమంది. దాని మూలం ఇంగ్లీషు కవి మిల్టన్ 1634లో రాసిన 'కోమస్' అనే నాటకంలో ఉందంటారు. అందులో ఒక అమ్మాయి రాత్రిపూట అడవిలో అన్నదమ్ముల నుంచి తప్పిపోతుంది. చుట్టూ చీకటి, తోడు ఎవరూ లేరు. అప్పుడు నల్లమబ్బు అంచు వెండిలా మెరుస్తూ కనబడుతుంది. నా కళ్ళే నన్ను మోసం చేస్తున్నాయా అని ముందు అనుమానపడుతుంది, కాదు, నిజమే అని తనే తేల్చుకుంటుంది, ఆ కాస్త ధైర్యంతో అన్నదమ్ములకు వినబడాలని గొంతెత్తి పాడుతుంది. ఆ వెలుగును ఆమెకు పక్కనుంచి ఎవరూ చూపించలేదు, చీకట్లో ఉన్న మనిషే చూసుకుంది. పైగా మబ్బు నిజంగా మెరిసేది అంచులోనే, అక్కడ పలచగా ఉంటుంది కాబట్టి వెనకున్న వెలుతురు ఇటు రాగలుగుతుంది. నడిమధ్య దట్టంగా నల్లగానే ఉంటుంది, దాన్ని లేదని చెప్పి లాభం లేదు.

మధ్యాహ్నం ఇంకో సీనియర్ మేడమ్ వచ్చి ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సామెతలేం చెప్పలేదు. "ఇందులో ఏది పోతుందంటే నీకు ఎక్కువ బాధగా ఉందమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల చాలాసేపు చెప్పింది, ఒక దశలో గొంతు పట్టేసింది, మేడమ్ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక మాత్రం, "నువ్వు రాసిన టెస్టింగ్ భాగం ఉంది చూడు, దాన్ని పక్క టీమువాళ్ళు వాడుకుంటామన్నారు, ఇందాకే మెయిల్ వచ్చింది, చూపిస్తా రా" అన్నారు. అప్పుడు లేచింది.

వెండి అంచు ఉందని ఊరికే చెప్పడం వేరు, ఇదిగో ఇక్కడ ఉంది అని వేలు పెట్టి చూపించడం వేరు. రెండోది చేయాలంటే ఎదుటి మనిషికి ఏం పోయిందో ముందు తెలియాలి. డాక్టర్లు రోగికి చెడువార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఒకటుంది, 2000లో క్యాన్సర్ వైద్యుల పత్రికలో వచ్చింది. అందులో ఇకపై ఏం చేద్దాం అనేది ఆఖరి మెట్టు. దానికి ముందు మెట్టు పూర్తిగా రోగి బాధకే, ఆ ఏడుపుకి, ఆ మౌనానికి చోటివ్వడానికే. ఆశ మాట మానేయమని ఎవరూ అనడం లేదు, దాని వంతు వచ్చేదాకా ఆగమంటున్నారు, అంతే. మేం పొద్దున ఆగలేకపోయిన మెట్టు అదే అనిపిస్తోంది.

రేపు ఆ అమ్మాయీ నేనూ కూర్చుని టెస్టింగ్ భాగం అప్పగించడానికి నోట్సు రాయాలి. మొదటి పేజీలోనే ఆమె పేరు వేయిస్తాను. అబ్బాయిల్లో ఇద్దరు పొద్దుట్నుంచీ సీట్లోంచి కదల్లేదు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.