మెట్ల మీద దెయ్యం కబుర్లు

నిన్న సాయంత్రం ముగ్గురం అలిపిరి మెట్ల దారిన కొండెక్కాం. గాలి గోపురం దగ్గర ఆయాసం తీర్చుకుంటూ కూర్చుంటే, గోవింద నామాలకు బదులు హారర్ నవలల కబుర్లు మొదలయ్యాయి. స్వామి క్షమించాలి.

మా బావకు యండమూరి తప్ప ఇంకెవరూ ఆనరు. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో వాళ్లమ్మ లైటు ఆర్పకుండానే పడుకునేదట. నా ఓటు మాత్రం కొమ్మూరి సాంబశివరావుకే. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు... “అందులో దెయ్యమేదిరా? అది హారర్ ఎట్లయితాది?” అని బావ కొట్టిపారేశాడు. నిజమే, ఒప్పుకుంటా. కానీ నన్ను భయపెట్టేది దెయ్యం కాదు. తలుపు అవతల ఎవరున్నారో తెలియకపోవడం.

మూడోవాడు స్టీఫెన్ కింగ్ భక్తుడు. 1977లో వచ్చిన ‘ది షైనింగ్’ గురించి మొదలుపెట్టాడంటే ఆపడు. మంచులో చిక్కుకున్న హోటలు, లోపల మెల్లగా మతి తప్పుతున్న తండ్రి. “పుట్టి బుద్ధెరిగి మంచు చూడని రేణిగుంట వాడివి, నీకెట్ల భయమేసిందిరా?” అన్నాడు బావ. “హోటల్ ఖాళీగా ఉంది బావా, అదే భయం” అన్నాడు వాడు. తిరుపతిలో ఖాళీ హోటల్ అంటే నిజంగా భయపడాల్సిందే!

ఏడో మైలు దాటాక పొదల్లో ఆకులు గలగలమన్నాయి. 2023లో ఈ దారిలోనే చిరుత దాడి చేసిన సంగతి గుర్తొచ్చి ముగ్గురికీ మాట పడిపోయింది. చూస్తే జింక. బావ అప్పటికే నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

అక్కణ్నుంచి పైదాకా గోవింద నామాలే.