అమ్మమ్మ ఇచ్చే పాలు, మన పిల్లల కడుపు

సెలవులకి నెల్లూరులోనో ఒంగోలులోనో దిగగానే అమ్మమ్మ పిల్లల చేతిలో పెట్టేది గ్లాసెడు గేదె పాలు. విదేశంలో లాక్టోజ్ లేని పాలకి అలవాటుపడ్డ పిల్లలకి రెండు గంటలు తిరక్కుండానే కడుపుబ్బరం, విరేచనాలు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ మన దక్షిణాదివాళ్లలో చాలామందికి పసితనం దాటాక తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి గ్యాస్ పుడుతుంది. అంతమాత్రానికే పిల్లల్ని అమ్మమ్మ వంటకి దూరం చెయ్యడం అన్యాయం.

లాక్టేజ్ చుక్కల మందు వెంట తెచ్చుకోండి. పాలు కాచి, పూర్తిగా చల్లారాక, సీసా మీద రాసినంత (సాధారణంగా లీటరుకు 5 నుంచి 7 చుక్కలు) కలిపి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పొయ్యి మీదున్న పాలలో వేస్తే వేడికి ఎంజైమ్ పాడైపోతుంది. తాగబోయే గ్లాసులో అప్పటికప్పుడు వేసినా పెద్దగా ఫలితం ఉండదు. మర్నాడు ఆ పాలని మళ్లీ వేడిచేసుకోవచ్చు, అప్పటికి ఎంజైమ్ పని అయిపోయి ఉంటుంది. లాక్టోజ్ గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడిపోవడంతో పాలు తియ్యగా ఉంటాయి, పంచదార తగ్గించండి.

పెళ్లి భోజనాలకి లాక్టేజ్ మాత్రే మేలు. ఆకులో ముందు పడేది తీపి కాబట్టి మొదటి ముద్దతోనే వెయ్యాలి. కోవాలో పాలు ఇగిరి లాక్టోజ్ చిక్కబడుతుంది, చిన్న ముక్కే అయినా తేలిగ్గా తీసుకోకండి. మాత్ర ప్రభావం అరగంట, ముప్పావుగంట. కబుర్లయ్యాక ఐస్‌క్రీమ్ వస్తే ఇంకోటి కావాలి. చివరి పెరుగన్నం చాలామందికి మాత్ర లేకుండానే అరుగుతుంది: తోడులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేస్తుంది, పేగులోకి వెళ్లాక కూడా సాయపడుతుంది. ముద్దపప్పులో నెయ్యికి అసలు భయపడక్కర్లేదు.

"పాలు తాగకపోతే బలమెట్లా వస్తుంది?" అని అమ్మమ్మ నొచ్చుకుంటే, "అన్నం తిన్నాక అర గ్లాసు ఇవ్వమ్మా" అనండి. అందులో లాక్టోజ్ సుమారు 5 గ్రాములే, అన్నంతోపాటు మెల్లగా దిగుతుంది, చాలామంది తట్టుకుంటారు. పరగడుపున నిండు గ్లాసుతోనే చిక్కు.

పాలు తాగగానే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది పాల ప్రొటీన్‌తో వచ్చే ఎలర్జీ. దానికి ఈ ఎంజైమ్ పనిచెయ్యదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలకి పాలు పడకపోతే సొంత వైద్యం వద్దు. విరేచనాల జబ్బు తర్వాత కొన్నాళ్లు అలా ఉండొచ్చు, కానీ అదేనో కాదో పిల్లల డాక్టరే తేల్చాలి.