బొటనవేలి గోరు మీద వెలుతురు

1962లో విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో మన సైనిక్ స్కూల్ ఎలా మొదలైందో మిగతా మిత్రులు రాస్తారు. నేను మాత్రం ఒక్క సాయంత్రం గురించి రాస్తాను.

అప్పుడు తొమ్మిదో తరగతి. ఎన్.సి.సి. ఫైరింగ్ నుంచి తిరిగొచ్చాం. పాయింట్ టూటూ రైఫిల్, 25 మీటర్ల దూరం, మనిషికి 5 రౌండ్లు. గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయని తెగ సంబరంగా ఉంది నాకు. ఆ హుషారులో గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడుకి చిందీ (చిన్న గుడ్డపీలిక) తగిలించి, బ్యారెల్‌లోంచి రెండుసార్లు లాగి, అయిపోయిందనిపించి రైఫిల్ జమ చేయబోయాను.

మాకు నేర్పే ఉస్తాద్ శ్రీకాకుళం వైపు మనిషి, హవల్దార్. బోల్ట్ తీసి, వెనకవైపు తన బొటనవేలి గోరు ఆనించి, ముందువైపు నుంచి నన్ను చూడమన్నారు.

"ఏటి కనబడతంది బాబూ?"

గోరు మీద పడ్డ వెలుతురు గొట్టమంతా పాకింది. మెలితిరిగిన గాడుల మధ్య సన్నగా ఒక నల్లటి చార. మందు కాలిన మసి. దాన్ని అలాగే వదిలేస్తే మన కోస్తా చెమ్మకి తుప్పు పట్టడం ఖాయం.

తిట్లు తప్పవనుకున్నాను. ఆయన నా పక్కన కూర్చున్నారు. కొత్త చిందీ కత్తిరించి, తాడు మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో ఎలా లాగాలో చేసి చూపించారు. తరువాత నా చేత చేయించారు. చూశారు. మళ్లీ చేయించారు. మెస్ నుంచి వచ్చిన ఆయన టీ పక్కనే చల్లారి మీగడ కట్టింది. చీకటి పడుతుంటే టార్చి తెప్పించారు గానీ "పర్లేదులే, రేపు చూద్దాం" అనలేదు.

ఫౌజులో డ్రిల్ నేర్పే వరస ఇదే: ముందు బయాన్ (నోటితో చెప్పడం), తరువాత నమూనా (చేసి చూపడం), ఆపైన అభ్యాస్ (చేయించడం). క్రమశిక్షణ అనగానే జనానికి అరుపులు, శిక్షగా వేయించే పల్టీలు, అంటే ఫ్రంట్ రోల్స్, గుర్తొస్తాయి. ఫ్రంట్ రోల్స్ నేనూ చేశాను. ఒళ్లు గట్టిపడింది, కాదనను. కానీ తప్పు చేసినవాడికి ఒప్పు ఎలా చేయాలో అవి నేర్పవు. అది నేర్పాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి, తన టీ వదులుకోవాలి.

ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లయ్యాక డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి వెళ్లాను. 1932 డిసెంబరులో ఆ అకాడమీని ప్రారంభిస్తూ అప్పటి సర్వసేనాని సర్ ఫిలిప్ ఛెట్‌వుడ్ చెప్పిన మాటలు అక్కడి హాల్లో చెక్కి ఉంటాయి. ముందు దేశం, తరువాత నీ కింది మనుషులు, నీ సుఖం ఎప్పుడూ ఆఖరికి. ఆ చివరి మాట చదవగానే నా కళ్ల ముందు మెదిలింది ఆ టీ గ్లాసే.

చాలా ఏళ్ల తరువాత నేనూ కేడెట్లకు పాఠం చెప్పాను. ఒక కుర్రాడు అన్నిట్లో చురుకు, మ్యాప్ రీడింగ్‌లో మాత్రం చోటు ఎక్కడో చెప్పే గ్రిడ్ అంకెలు తారుమారు చేసేవాడు. తూర్పు అంకెలు ముందు, ఉత్తరం అంకెలు తరువాత చెప్పాలి. ఆరంకెలు కలిస్తే 100 మీటర్ల గడి దొరుకుతుంది. ఫిరంగి గుండు అడిగేవాడు వాటిని తిరగేస్తే అది మనవాళ్ల మీదే పడొచ్చు. "మిగతావన్నీ బాగున్నాయి కదా, పాస్ చేసేయ్" అన్నాడు తోటి అధికారి. నాకూ అలాగే అనిపించింది. మర్నాడు ఆదివారం, పిల్లల్ని బయటికి తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఇంట్లో సర్ది చెప్పుకుని, ఆ కుర్రాణ్ని తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. ముందు నేను చేసి చూపించాను. తరువాత వాడి చేత చేయించాను. మధ్యాహ్నం దాకా తప్పులే. సాయంత్రం నీడలు సాగే వేళకు వాడు ఆరంకెలు చెప్పి నా వైపు చూశాడు. మ్యాప్ మీద వేలు పెట్టి చూశాను. మేం నిలబడ్డ కల్వర్టే.