పెద్దమ్మకు ఫండింగ్ రాదట

"సొంత చెల్లెలి కూతుర్ని చూసినందుకు గవర్నమెంటుని డబ్బులు అడిగావటే? ఎవరైనా వింటే నవ్విపోతారు!"

తెనాలి నుంచి వీడియో కాల్‌లో అమ్మ అన్న మాట ఇది. సరిగ్గా రెండు గంటల ముందు మా కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటి ఆఫీసు, ఆవిడ కూడా ఇదే మాట చెప్పింది, కాకపోతే మధ్యలో రెండు సారీలు కలిపి. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ కూడబలుక్కున్నట్టు మాట్లాడేసరికి నాకు ఒళ్లు మండింది.

నేను ఇంగ్లండులో ఛైల్డ్‌మైండర్‌ని, అంటే డబ్బు తీసుకుని నా ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేదాన్ని. ఊళ్లో ఎవరైనా అడిగితే అమ్మ "ఇంట్లోనే ఉంటుంది, పిల్లల్ని ఆడిస్తుంది" అని తేల్చేస్తుంది. ఆ ఆడించడానికి ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థలో రిజిస్టర్ కావాలి. నాకే కాదు, ఇంట్లో ఉంటున్నందుకు మా ఆయనకు కూడా పోలీసు రికార్డు చెక్ చేశారు. పసిపిల్లల ఫస్ట్ ఎయిడ్ కోర్సు మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. బడి వయసు రాని పిల్లలు మామూలుగా ఒకేసారి ముగ్గురిని మించకూడదు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అని రోజూ రాయాలి. అంటే నా దగ్గర ఉన్నవి మూడు సీట్లు. ఒకటి ఖాళీగా పోతే ఆ నెల ఇంటి వాయిదాకి తడుముకోవాల్సిందే.

చెల్లి నర్సు. ఉదయం ఏడున్నరకు షిఫ్టు ఎక్కితే రాత్రి ఎనిమిది దాకా. మరిదికి ఆఫీసు దూరం. బుజ్జి పుట్టినప్పుడు అమ్మ వచ్చి పురుడు పోసింది, ఆరు నెలల వీసా అయిపోగానే వెళ్లిపోయింది. ఆ తర్వాత బుజ్జి నా దగ్గరే. ఇక్కడ తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తుంటే తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు వారానికి 30 గంటలు, ఏడాదిలో 38 వారాల పాటు ప్రభుత్వమే డబ్బు కడుతుంది. 2024లో 15 గంటలతో మొదలుపెట్టి 2025 సెప్టెంబరు నుంచి 30 చేశారు. ఇద్దరిలో ఏ ఒక్కరి ఆదాయమూ లక్ష పౌండ్లు దాటకూడదు. వీసా మీద ఉన్నవాళ్లకు చాలామందికి ఇది రాదు. ఐఎల్ఆర్, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతి, వచ్చింది కాబట్టి చెల్లికి వచ్చింది. ఆ డబ్బు కోసం ఇచ్చే పదకొండు అంకెల కోడ్ నాకు వాట్సాప్‌లో పంపి, "అక్కా, ఇంక నీకు నేను బాకీ లేను" అని పక్కన ఒక దండం బొమ్మ పెట్టింది.

కౌన్సిల్ ఆవిడకు ఆ కోడ్ చదివి వినిపించాను. అంతా బాగానే ఉందంది. మాటల్లో పాప మీకేమవుతుందని అడిగింది. నేను గొప్పగా మా చెల్లి కూతురని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

2006 నాటి ఛైల్డ్‌కేర్ చట్టం 18వ సెక్షనట. తల్లిదండ్రులే కాదు, అమ్మమ్మా తాతయ్యలు, పిన్ని, బాబాయి, అత్త, మామ, తోబుట్టువులు, వీళ్లలో ఎవరు చూసుకున్నా దాన్ని ఛైల్డ్‌కేర్ అనరు, కాబట్టి ఈ డబ్బు రాదు. రిజిస్టర్ అయి ఉన్నా, నా ఇంట్లోనే చూస్తున్నా అంతే. మరి నేను చేస్తున్నదాన్ని ఏమనాలో మాత్రం చట్టంలో లేదు.

నా దగ్గర ఇంకో పిల్లాడున్నాడు, మా బాబాయి కూతురి కొడుకు. వాడు కూడా నన్ను పెద్దమ్మా అనే పిలుస్తాడు. అనుమానం వచ్చి వాడి సంగతి కూడా అడిగాను. వాడి తల్లి కూడా నాకు చెల్లెలే అంటే "మీ తల్లికి పుట్టిందా?" అని అడిగింది. కాదన్నాను. "ఓ, కజినా! అయితే ఇబ్బంది లేదు" అంది, గొంతులో ఎంత సంతోషమో. కజిన్ల పేరు ఆ చట్టం జాబితాలో లేదు. మా ఇంట్లో ఆ మాట ఏనాడూ వాడలేదు. అవునండీ, కజినే అని ఒప్పుకుంటుంటే బాబాయితో ఆస్తి పంపకాల కాగితం మీద సంతకం పెడుతున్నట్టు అనిపించింది.

మూడో పిల్ల పక్క వీధి పంజాబీ వాళ్లది. అదొక్కతే నన్ను ఆంటీ అంటుంది. చట్టం దృష్టిలో అది నాకు ఏమీ కాదు.

ముగ్గురికీ ఒకే కుక్కర్‌లో పప్పన్నం. ఒకే బల్ల. ఇద్దరి ముద్దకి ప్రభుత్వం డబ్బులిస్తుంది, మూడో ముద్ద నా ప్రేమ కింద జమ.

ఈ రూలు ఎందుకు పెట్టారో నాకూ తెలుసు. లేకపోతే ప్రతి అమ్మమ్మా రిజిస్టర్ చేయించుకుని మనవణ్ని చూపించి బిల్లు పెడుతుందని భయం. లేని మనుషుల పేరు మీద పింఛన్లు తీసుకున్న కథలు విన్నదాన్ని, ఆ భయాన్ని నేను కాదనను. కానీ నన్ను తనిఖీ చేయడానికి వచ్చిన ఆఫ్‌స్టెడ్ ఆవిడ బుజ్జి ఉన్న గదినే కదా చూసి వెళ్లింది! పైగా ఇదే ప్రభుత్వానికి ఇంకో పథకం ఉంది, టాక్స్ ఫ్రీ ఛైల్డ్‌కేర్ అని. తల్లిదండ్రులు ఎనిమిది పౌండ్లు వేస్తే వీళ్లు రెండు కలుపుతారు, బిడ్డకు ఏడాదికి 2,000 దాకా. దానికైతే రిజిస్టర్ అయిన బంధువు తన ఇంట్లో చూసుకున్నా పరవాలేదట. ఒక కిటికీ దగ్గర నేను ఉద్యోగిని, పక్క కిటికీకి వెళ్తే పెద్దమ్మని. ఇక్కడ ఛైల్డ్‌మైండర్ల సంఖ్య పదేళ్లలో సగానికి పడిపోయిందని అందరూ బాధపడతారు మళ్లీ.

ఇదంతా అమ్మకు చెప్పాను. "మిమ్మల్నిద్దరినీ మా అక్క ఎన్ని వేసవులు చూసిందే? లెక్క రాసుకుందా?" అంది. నిజమే, రాసుకోలేదు. కానీ ఆ ఇంట్లో పెద్దమ్మతో పాటు అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు, ఒక పనిమనిషి ఉండేవాళ్లు. మా పెద్దమ్మకి మేము ఒక సీటు కాదు. ఈ మాట అమ్మతో అనలేకపోయాను. అసలు నన్ను ఎక్కువ గుచ్చింది పెద్దమ్మ అనే మాటే. ఆంట్ అంటే చట్టంతో కొట్లాడొచ్చు. పెద్దమ్మలో అమ్మ ఉంది. అమ్మకి జీతం ఎవరిస్తారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా వాయిదా మాత్రం ఒకటో తారీఖుకే కట్టాలి.

చివరికి బుజ్జిని నర్సరీలో వేశాం. అదే కోడ్, అదే 30 గంటలు, అదే కౌన్సిల్ డబ్బు. కాకపోతే నాకు కాకుండా వాళ్లకు వెళ్తుంది. ప్రభుత్వానికి ఒక్క పెన్నీ మిగల్లేదు. నర్సరీ ఎనిమిదికి గానీ తెరవరు కాబట్టి ఆరూ ముప్పావుకి చెల్లి దాన్ని నిద్రలోనే తెచ్చి నా సోఫాలో పడుకోబెడుతుంది. సాయంత్రం మళ్లీ నేనే తెచ్చి అన్నం పెడతాను.

మొన్న అమ్మ వీడియోలో దాన్ని చూసి, "ఏమే, పిల్ల ఇలా చిక్కిపోయింది, సరిగ్గా పెట్టట్లేదా?" అంది.

"నర్సరీ వాళ్లనడుగు, డబ్బులు వాళ్లకే ఇస్తున్నారు" అన్నాను, దాని నోట్లో ఇంకో ముద్ద పెడుతూ.