తబూక్ దారిలో మేం ముగ్గురం

ప్రవక్త ముహమ్మద్ (స) ఒకప్పుడు సైన్యంతో వెళ్లిన తబూక్, సౌదీలో ఉత్తరాన ఉన్న ఊరు. అక్కడికి వెళ్దాం అన్న మాట మా రూంలో మొదట ఎత్తింది కడప అన్న, నాలుగేళ్ల కిందట. ఈ నెల కాదు వచ్చే నెల, ఎండలు తగ్గనీ, జీతం పడనీ, రంజాన్ అయిపోనీ అంటూ వాయిదా వేసుకుంటూ వచ్చింది నేను. పోయిన ఆగస్టులో సెలవులూ కుదిరి కారూ దొరికాక, బయలుదేరే ముందు రోజు సాయంత్రం అన్నకు డ్యూటీ మారింది, సెలవు లేదన్నారు. సర్దిపెట్టుకున్న బ్యాగును మంచం కిందికి తోసేసి "పోయి రండిరా" అన్నాడు. గొంతు బాలేదు. నేనూ, నెల్లూరు తమ్ముడూ, హైదరాబాద్ భాయ్, ముగ్గురం ఏం మాట్లాడాలో తెలియక చెప్పులేసుకుని బయటికొచ్చేశాం.

ఫజర్ (తెల్లవారుజాము) నమాజ్ మదీనాలో, మస్జిదె నబవీలో, అంటే ప్రవక్త (స) మసీదులో చేసుకుని రోడ్డెక్కాం. ఆ రోజు గురువారం. వారాంతం కలిసొస్తుందని అలా పెట్టుకున్నాం అంతే, ప్రవక్త (స) కూడా తబూక్‌కు గురువారమే బయలుదేరారని హదీసులో (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనంలో) ఉందని భాయ్ కారెక్కాక చెప్పాడు. ఊరి బయట బండి మీద రుతబ్ అమ్ముతుంటే రెండు కిలోలు కొన్నాం. పండి మెత్తబడిన తాజా ఖర్జూరం, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఆనాడు సైన్యం కదిలింది కూడా సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే, తోటల్లో పళ్లు పండి నీడ హాయిగా అనిపించే వేళ.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 9వ హిజ్రీ, అంటే క్రీ.శ. 630. బైజాంటైన్ రోమన్లు సిరియా వైపు సైన్యాన్ని కూడగడుతున్నారని మదీనాకు కబురొచ్చింది. మామూలుగా యుద్ధానికి ఎటు వెళ్లేదీ బయటపెట్టని ప్రవక్త (స) ఈసారి ముందే చెప్పేశారు, దూరం ఎక్కువ, ఎండ ఎక్కువ, శత్రువు పెద్దవాడు, జనం దానికి తగ్గట్టు సిద్ధం కావాలని. 30 వేల మంది కదిలారని చరిత్రకారులు రాశారు. దానికి జైషుల్ ఉస్రా, కష్టకాలపు సైన్యం అని పేరు. హజ్రత్ ఉస్మాన్ (రజి) వెయ్యి దీనార్లు తెచ్చి ప్రవక్త (స) ఒడిలో పోశారు. అబూ అఖీల్ అనే కూలీ తన కూలి ఖర్జూరాల్లోంచి కొంచెం తెచ్చిస్తే, ఈ గుప్పెడు ఖర్జూరాలు అల్లాహ్‌కు అవసరమా అని కపటులు నవ్వారట. ఇస్తే నవ్వేవాళ్లు, ఇవ్వకపోతే తిట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, మా ఊళ్లో అయితే మరీ ఎక్కువ.

ఇంకొందరు వచ్చి మాకు ఎక్కడానికి ఒంటె ఇప్పించండి అని అడిగారు. ఒంటెలు లేవు. వాళ్లు ఏడుస్తూ వెనక్కి వెళ్లారని ఖుర్ఆన్‌లో, తౌబా సూరా (అధ్యాయం)లోనే ఉంది. ఇది చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఈసారి మాత్రం మంచం కిందికి తోసిన ఆ బ్యాగు గుర్తొచ్చింది.

మదీనా నుంచి తబూక్ దాదాపు 700 కిలోమీటర్లు. ఖైబర్ దాటాక జుహర్ (మధ్యాహ్నం) నమాజ్‌కు పెట్రోల్ బంకు పక్కన చిన్న మస్జిద్ దగ్గర ఆగాం. చెప్పులు గుమ్మం బయట ఎండలో వదిలి లోపలికెళ్లి పది నిమిషాల్లో వచ్చాం, వచ్చి కాళ్లు పెట్టగానే తమ్ముడు "అమ్మో" అని ఎగిరి కారు నీడలో పడ్డాడు. పెనం మీద కాలు పెట్టినట్టే ఉంది. "ఎండలో వెళ్లకండి" అని ఆనాడు జనాన్ని ఆపినవాళ్ల మాట కూడా తౌబా సూరాలో ఉంది, నరకాగ్ని ఇంతకంటే వేడి అని వెంటనే జవాబూ ఉంది. మేం ఏసీ పెంచుకున్నాం. ఆనాటి సైన్యంలో కొన్నిచోట్ల ముగ్గురికి ఒకే ఒంటె, వంతులేసుకుని ఎక్కేవాళ్లు. ప్రవక్త (స) సహచరుడు అబూ జర్ (రజి) ఒంటె మొరాయిస్తే సామాను తన వీపున వేసుకుని ఒంటరిగా నడుచుకుంటూ వచ్చి కలిశారు.

అల్‌ఉలా వైపు తిరిగి హిజ్ర్ అనే పురాతన స్థలం చూశాం. కొండల్ని తొలిచిన సమాధులు వందకు పైగా ఉన్నాయి. నబాతియన్లు అనే పూర్వపు అరబ్ జాతి తొలిచారని పురావస్తు శాస్త్రవేత్తలంటారు, మనవాళ్లకు అది సాలిహ్ ప్రవక్త (అలై) జాతి, దైవశిక్షకు గురైన సమూదుల చోటు. ప్రవక్త (స) ఇక్కడికి రాగానే మొహం కప్పుకుని వేగం పెంచారు, ఇక్కడి బావుల నీళ్లతో కలిపిన పిండిని ఒంటెలకు పెట్టేయమన్నారు. అందుకని భాయ్ అసలు దిగనన్నాడు. టూరిస్టు బస్సులో ఇచ్చిన సీసా నీళ్లు తాగొచ్చా లేదా అని తమ్ముడికి ఒక టెన్షన్. అది ఫ్యాక్టరీ నీళ్లురా అని నవ్వినా, వాడు మాత్రం అల్‌ఉలా చేరేదాకా మూత తీయలేదు. నేనూ ఫొటోలు ఎక్కువ తీయలేదు.

రాత్రి కారులో భాయ్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) కథ చెప్పాడు. కఅబ్‌కు అప్పుడు కొరతేమీ లేదు, జీవితంలో మొదటిసారి రెండు ఒంటెలున్నాయి. ఇవాళ కాదు రేపు సిద్ధమవుదాం అనుకుంటూ ఉండగానే సైన్యం దూరం వెళ్లిపోయింది. తీరా అక్కడ యుద్ధమే జరగలేదు! శత్రుసైన్యం ఎదురు రాలేదు, ఐలా (నేటి అఖబా) పాలకుడు వచ్చి సంధి చేసుకున్నాడు, ఇరవై రోజులుండి వెనక్కి తిరిగారు. తిరిగొచ్చాక 80 మందికి పైగా సాకులు చెప్పి బయటపడ్డారు. కఅబ్‌తో కలిపి ముగ్గురు మాత్రం నిజం ఒప్పుకున్నారు, ప్రవక్త (స) ఆదేశంతో వాళ్లతో 50 రోజులు ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గరికి వచ్చేయ్ అని రోమన్ల పక్షాన ఉన్న గస్సాన్ రాజు ఉత్తరం రాస్తే కఅబ్ దాన్ని పొయ్యిలో వేశారు. ఆ తర్వాతే క్షమాపణ ఆయతు (ఖుర్ఆన్ వాక్యం) దిగింది. పరీక్ష యుద్ధంలో లేదు, గడప దాటడంలోనే ఉందని నాకనిపించింది, నాలుగేళ్లు "రేపు" అన్నవాణ్ణి కదా, చీకట్లో నా మొహం ఎవరికీ కనపడనందుకు సంతోషించాను.

మర్నాడు తబూక్‌లో తుర్కుల కాలపు కోట చూశాం, 1559లో కట్టింది, డమాస్కస్ హాజీల దారి కాపలాకు. పక్కనే ఐన్ అస్సుక్కర్ అనే ఊట, ప్రవక్త (స) ఆగింది ఇక్కడేనని స్థానికులు చెప్తారు. ఆనాడు ఊట చెప్పు పట్టీ అంత సన్నగా కారుతుంటే ప్రవక్త (స) అందులో మొహం, చేతులు కడిగి ఆ నీళ్లు తిరిగి పోశారు, ఊట ఉబికింది. వెంట ఉన్న సహచరుడు ముఆజ్ (రజి)తో, నువ్వు బతికుంటే ఈ చోటు తోటలతో నిండడం చూస్తావు అన్నారు. ఇవాళ తబూక్ అంటే పళ్ల తోటలు, పూల తోటలు.

ఊరి బయట తోటల పక్కన కారాపి కడప అన్నకు వీడియో కాల్ చేశాం. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. భాయ్ ఫోన్ లాక్కుని ఇంకో హదీసు చెప్పాడు. తబూక్ నుంచి తిరిగొస్తూ ప్రవక్త (స) అన్నారట, మదీనాలో కొందరున్నారు, మీరు ఏ లోయ దాటినా వాళ్లు మీతోనే ఉన్నారని. వాళ్లు మదీనాలో ఉండి కూడానా అని సహాబీలు (సహచరులు) అడిగితే, అవును, వాళ్లను ఆపింది రాలేని కారణమే అన్నారు.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ మొహాలు రోజూ చూసేవే కదరా, ఆ చెట్లు చూపించండి" అన్నాడు. ఫోన్ అటు తిప్పి చెయ్యి నొప్పెట్టేదాకా పట్టుకుని నిలబడ్డాను.